సమస్యాపూరణం: “పాట నెమ్మదించినఁ గాని పరుగు రాదు”

ఛందస్సు తేటగీతి. వేగంగా పాడిన సంగతులను (పాటలో ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీర్లను) ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో నెమ్మదిగా విని నేర్చుకోవడం అంశం. ఇంగ్లీషు మాటలు వాడుకోవచ్చు, గణయతులు (గణాల లెక్క, పాదంలో యతి అక్షరాల మైత్రి) మాత్రం తప్పకూడదు.

పూరణ 1 (వయొలిన్ విద్యార్థి)

వేగముగ సాగు సంగతి వీనులకును
చిక్కకున్న నాడాసిటీఁ జేర్చి దాని
శ్రుతి చెడనియట్లు నడకలో జోరు నణచి
పాట నెమ్మదించినఁ గాని పరుగు రాదు

నిర్వాహకుడు: సాఫ్ట్‌వేర్ పేరు సంధిలో భలే ఇమిడింది. ‘శ్రు–జో’ యతి కూడా సరిపోయింది. ఒక్క సవరణ చేయాలి. అణచేది మీరు, నెమ్మదించేది పాట. కర్త మారింది కనుక ‘అణచి’ పొసగదు. ‘జోరు తగ్గఁ / బాట’ అనండి.

పూరణ 2 (శిష్యురాలితో గురువు)

వీణ తంత్రిపైఁ గమకమ్ము వ్రేలి కబ్బ
సగము వేగమం దొక్కొక్క స్వరము వినుచు
కొలఁది కొలఁదిగాఁ బెంచుచుఁ గూర్పుమమ్మ
పాట నెమ్మదించినఁ గాని పరుగు రాదు

మృదంగం నేర్చుకునే సభ్యుడు: పద్యం హాయిగా నడిచింది. కానీ ‘సగము’ దగ్గర నాకు అభ్యంతరం ఉంది. సాఫ్ట్‌వేర్ శబ్దాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, కొన్నిటిని మళ్లీ వాడుతూ అతికించి సాగదీస్తుంది. మరీ ఎక్కువగా సాగదీస్తే మీటు, దరువు రెండేసి సార్లు పడ్డట్టు వినిపిస్తాయి, గమకం (స్వరాన్ని ఊపి పలికించే తీరు) అలుక్కుపోతుంది. నేను ముందు 75 శాతం దగ్గర వింటాను. చాలకపోతేనే ఇంకా తగ్గిస్తాను.

నిర్వాహకుడు: అయితే ‘స్వల్ప వేగమం దొక్కొక్క స్వరము’ అందాం. గణం, యతి రెండూ నిలుస్తాయి.

గురువు: సంతోషంగా మార్చుకుంటాను.

పూరణ 3 (గాత్ర విద్యార్థిని)

స్పీడు తగ్గింప షడ్జమ్ము జారిపోయె
టెంపొ తగ్గింపఁ బలికెను ఠీవితోడ
మర్మ మెఱిఁగితి నిపుడు నా మనసులోన
పాట నెమ్మదించినఁ గాని పరుగు రాదు

నిర్వాహకుడు: ఈ మూడింట్లో విషయం బాగా పట్టింది మీరేనండీ. ఆడాసిటీలో చేంజ్ స్పీడ్ (కొత్త వెర్షన్లలో చేంజ్ స్పీడ్ అండ్ పిచ్) వేరు, చేంజ్ టెంపో వేరు. స్పీడు సగానికి తగ్గిస్తే శ్రుతి ఒక స్థాయి దిగి, మధ్యస్థాయి షడ్జం (స) మంద్రంలో, అంటే కింది స్థాయిలో పలుకుతుంది. ఇక అంత కింది స్థాయిలో దానితో కలిపి పాడుకోవడం కష్టమే. టెంపోను −50 శాతం చేస్తే పది సెకన్ల సంగతి ఇరవై సెకన్లవుతుంది, షడ్జం మాత్రం కదలదు. ఇంత సంగతిని రెండు పాదాల్లో చెప్పారు. ‘టెం–ఠీ’ యతికి ప్రత్యేకంగా అభినందనలు.

మొదటి పాదంలో మాత్రం యతి తప్పింది. ‘స్పీ’కి ‘జా’ చెల్లదు. ‘షడ్జమ్ము పీఠి విడిచె’ అంటే సరి. మూడో పాదంలో ‘నా మనసులోన’ పాదం నింపడానికి వేసినట్టుంది.

విద్యార్థిని: ధన్యవాదాలండీ. ‘మర్మ మెఱిఁగితి గమకాల మలుపులందు’ అనవచ్చా?

నిర్వాహకుడు: అనండి, అదే ఉంచండి.