రెండర్ నడుస్తుంటే టైపింగ్ ఎందుకు ముక్కుతోంది?

కావలి ఆల్బమ్:
కావలి ట్రంకు రోడ్డులో మాది చిన్న ఫోటో స్టూడియో. మాఘమాసం ముహూర్తాలు, ఊపిరాడటం లేదు. నాలుగు కోర్ల పాత డెస్క్‌టాప్, 8 జీబీ ర్యామ్, ఉబుంటు లినక్స్. ఒక పక్క టెర్మినల్‌లో ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ప్రోగ్రామ్‌తో పెళ్లి వీడియో రెండర్ (చివరి వీడియో ఫైలు తయారీ) పెట్టి, ఇంకో పక్క ఆల్బమ్‌లో పేర్లు కొడుతుంటా. చి.ల.సౌ. అని కొడితే కాసేపటికి గానీ అక్షరాలు కనపడవు. మనిషి ముందు కూర్చుని చేసే పనికే కంప్యూటర్ మొదటి చోటు ఇస్తుందని మా తమ్ముడి వాదన. నేను కూర్చున్నానని దానికెట్టా తెలుసు?

ఒంగోలు పాతకాపు:
తెలియదు తమ్ముడూ. ఒంగోలులో మా నాన్నకు చిల్లర కొట్టుండేది. పెళ్లి సరుకుల చిట్టా కడుతుండగా పిల్లాడు అగ్గిపెట్టెకొస్తే, చిట్టా ఆపి ముందు వాణ్ణి పంపేసేవాడు. వాడి మీద ప్రేమ కాదు, వాడికి పట్టేది క్షణమే గనక. టైపింగ్ ప్రోగ్రామ్ ఆ పిల్లాడి లాంటిది. ఎక్కువసేపు నిద్రలోనే ఉంటుంది, కీ నొక్కితే లేచి చిటికెలో పని ముగించి మళ్లీ పడుకుంటుంది. రెండర్ మాత్రం పెట్టినంతా తింటుంది.

లినక్స్ 2.6 వెర్షన్ తొలి రోజుల్లో ఎవరెంత నిద్రపోతున్నారో చూసి, ప్రయారిటీలో ఐదు మెట్ల దాకా బోనస్ ఇచ్చేవాళ్లు. అదంతా ఊహే, తప్పినప్పుడు బాగానే తప్పేది. 2007లో 2.6.23తో ఇంగో మోల్నార్ రాసిన సీఎఫ్ఎస్ అనే షెడ్యూలర్ (సీపీయూ వంతులు పంచే భాగం) వచ్చి ఆ ఊహలు మానేసింది. ఎవరు ఎంత సీపీయూ వాడారో ఖాతా రాస్తుంది, తక్కువ వాడినవాడిది ముందు వంతు. అలాగని రాత్రంతా పడుకుని, పొద్దున్నే ఎనిమిది గంటల బాకీ వసూలు చేస్తానంటే ఒప్పుకోదు. లేచినవాణ్ణి ఖాతాలో మిగతావాళ్ల దగ్గరికి తెచ్చి నిలబెడుతుంది. 2023లో 6.6 వెర్షన్ నుంచి దాని చోట ఈఈవీడీఎఫ్ అనే పద్ధతి వచ్చింది. ఇందులో వంతుకు గడువు కూడా ఉంటుంది, చిన్న ముక్క చాలన్నవాడికి దగ్గర గడువు.

నువ్వు రెండర్‌ను నైస్ 19తో మొదలుపెట్టి చూడు. నైస్ అంటే ప్రోగ్రామ్ ఎంత తగ్గి ఉండాలో చెప్పే అంకె. సీపీయూ పంపకంలో మామూలు ప్రోగ్రామ్ తూకం 1024 అయితే దానిది 15.

నెల్లూరు ల్యాబ్:
విండోస్ దారి వేరు. ఏ విండో ముందుందో దానికి తెలుసు. కీబోర్డు, మౌస్ కోసం ఆగి లేచిన థ్రెడ్‌కు (ప్రోగ్రామ్‌లో నడిచే ఒక పనికి) ప్రయారిటీ మామూలుగా 6 మెట్లు పెంచుతుంది, తర్వాత ఒక్కో మెట్టే దించుతుంది.

కావలి ఆల్బమ్:
నైస్ పెట్టానన్నా. ఏం తేడా లేదు.

ఒంగోలు పాతకాపు:
అయితే ఆటోగ్రూప్ ఆన్‌లో ఉన్నట్టుంది. 2011లో 2.6.38తో వచ్చింది. ఒక్కో టెర్మినల్ సెషన్‌ను ఒక్కో గుంపుగా లెక్కేస్తుంది, నైస్ ఆ గుంపు లోపలే చెల్లుతుంది. నీ రెండర్ ఆ గుంపులో ఒంటరిది, ఇక ఎవరికి తగ్గుతుంది? అదే టెర్మినల్‌లో ప్రాక్ ఫోల్డర్, సెల్ఫ్ కింద ఆటోగ్రూప్ అనే ఫైలుంటుంది (/proc/self/autogroup), అందులో 19 రాసి అప్పుడు రెండర్ పెట్టు.

అసలు స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్కు చోటు) చూశావా? 8 జీబీలో ఇవన్నీ తెరిస్తే ప్రోగ్రామ్ సగం డిస్కులో పడి ఉంటుంది. వంతొచ్చినా సరుకు గోడౌన్‌లో ఉంటే మా నాన్న మాత్రం ఏం చేస్తాడు?

కావలి ఆల్బమ్:
స్వాప్ మూడు జీబీ నిండి ఉందన్నా. బ్రౌజర్ మూసేస్తే సగం తేలికైంది. ఆటోగ్రూప్‌లో 19 రాశాక అక్షరాలు వెంటవెంటనే వస్తున్నాయి. రెండర్ ఓ ఐదు నిమిషాలు ఎక్కువ పట్టింది, పెళ్లివాళ్లకేం తెలుస్తుంది. వాళ్లిప్పుడు పెళ్లికూతురి పేరులో ఒత్తు మార్చమని ఫోన్ చేస్తున్నారు.