పాత మారుతి 800 ఫ్లోర్ తుప్పు: వెల్డింగ్ పెడితే చిల్లులు పడుతున్నాయి, చేసినవాళ్ళు చెప్పండి

భీమిలి_800:
నాన్నగారి 1998 మోడల్ 800, కార్బురేటర్ బండి. సముద్రం పక్కనే ఇల్లు, ఇన్నేళ్ళూ ఆ ఉప్పుగాలిలోనే ఉంది. మొన్న డ్రైవర్ వైపు మ్యాట్ ఎత్తి చూస్తే కింద పొర తడిసి ముద్దగా ఉంది, లాగితే దాంతోపాటు రేకు కూడా పెచ్చులుగా ఊడొచ్చింది, క్లచ్ పెడల్ కింద నా అరచెయ్యి దూరేంత కన్నం. టింకరింగ్ షెడ్లో అడిగితే పైన ఒక రేకు పరిచి రివిట్లు కొట్టి తారు పూసేద్దాం అన్నారు. అలా వద్దనుకుని నేనే నేర్చుకుందామని ఆర్క్ మెషీన్ అద్దెకి తెచ్చా, 2.5 ఎంఎం రాడ్డు. రాడ్డు అలా తగలగానే చిల్లు, దాన్ని పూడ్చబోతే అది రూపాయి బిళ్ళంత అవుతోంది. రెండు ఆదివారాలు పోయాయి. తప్పెక్కడ?

గుంటూరు_షెడ్డు:
తమ్ముడూ, ముందు ఆ మెషీన్ తిరిగి ఇచ్చెయ్. నీ చేతిలో తప్పు లేదు. ఆ ఫ్లోర్ రేకు 0.8 ఎంఎం దగ్గర్లో ఉంటుంది, తుప్పు తిన్నచోట అందులో సగం కూడా ఉండదు. ఆ రాడ్డు సరిగ్గా వెలగాలంటేనే 60 ఆంప్స్ పైన కావాలి, నీ రేకు తట్టుకునేది 30, 40. మిగ్ మెషీన్ చూసుకో, అదే గన్‌లోంచి సన్న వైరు దానంతటదే వచ్చేది, రాగి పూత ఉన్న 0.6 ఎంఎం వైరు, గ్యాస్ ఆర్గాన్ 80, కార్బన్ డయాక్సైడ్ 20 కలిపింది, నిమిషానికి 10-12 లీటర్లు. ఉత్త కార్బన్ డయాక్సైడ్ చవక, పనీ అవుతుంది గానీ చిటపటలు ఎక్కువ, రేకులోకి ఎక్కువ దిగుతుంది, కొత్తవాళ్ళకి చిల్లులు పడతాయి. పని చేసేటప్పుడు ఫ్యాన్ ఆపెయ్, గాలికి గ్యాస్ చెదిరిపోతే వెల్డు మరమరాల ఉండలాగా బొరియలు బొరియలుగా వస్తుంది. వైరు స్పీడు చెవితో పట్టుకోవాలి. సరిగ్గా కుదిరితే పోపులో ఆవాలు ఆగకుండా వేగుతున్నట్టు వినిపిస్తుంది, టప్ టప్ అని ఆగి ఆగి కొడుతుంటే ఇంకా కుదరలేదని.

కూకట్‌పల్లి_కార్లు:
గ్యాస్ సిలిండర్ బాధ ఎందుకని నేను గ్యాస్‌లెస్ మిగ్ కొన్నా అన్నా, ఫ్లక్స్ వైరుది, అంటే వైరు లోపలే పొడి ఉంటుంది, విడిగా గ్యాస్ అక్కర్లేదు. నెల రోజులు ఏడిపించింది. తర్వాత తెలిసిందేంటంటే ఫ్లక్స్ వైరుకి గన్ నెగటివ్‌లో ఉండాలి, గ్యాస్‌తో వాడే మామూలు వైరుకి పాజిటివ్‌లో ఉండాలి, నాది తిరగేసి ఉంది. మెషీన్ మూత తీస్తే లోపల రెండు టెర్మినల్స్ ఉంటాయి, అక్కడ మార్చాను. అయినా ఫ్లక్స్ వైరు 0.8 కంటే సన్నది నాకు దొరకలేదు, వేడి ఎక్కువ, పల్చటి రేకుకి అది నప్పదు. చివరికి సిలిండరే తెచ్చుకున్నా.

గుంటూరు_షెడ్డు:
ఇంకో మాట, గీత లాగకు. ఒక చుక్క పెట్టు, ట్రిగ్గర్ వదులు, అంగుళం దూరంలో ఇంకోటి, తర్వాత అటు చివరికి వెళ్ళు. చుక్క మీద ఎరుపు పోయి చెయ్యి దగ్గర పెట్టగలిగేదాకా దాని పక్కన ముట్టుకోవద్దు. తొందరపడి వరసగా కలిపేస్తే రేకు ఉబ్బిపోయి నొక్కితే డబ్బా మూతలా టక్కుమంటుంది, అప్పుడు దాన్ని సరిచెయ్యడం వెల్డింగ్ కంటే కష్టం. సందు ఎక్కువున్నచోట వెనకాల రాగి పలక ఆనించు, రాగికి వెల్డు అంటుకోదు, వేడి లాగేస్తుంది.

రాజమండ్రి_అంబాసిడర్:
మా పెదనాన్నగారు ముప్పై ఏళ్ళు గ్యాస్ మంటతో కరిగించే వెల్డింగ్‌తోనే అంబాసిడర్లు చేశారండి. ఆ అతుకు మెత్తగా ఉంటుంది, వెనక డాలీ, అంటే ఇనప దిమ్మ, పెట్టి సుత్తితో కొడితే రేకుతో పాటు సాగుతుంది. మిగ్ అతుకు గట్టిది, అలా సాగదు. బయటికి కనిపించే డోరు, ఫెండర్ అయితే నేను ఇప్పటికీ గ్యాసే అంటాను, కానీ వేడి చాలా దూరం పాకుతుంది, చెయ్యి తిరగాలి. ఫ్లోరుకి మాత్రం మిగ్గే మేలు.

కాకినాడ_వీకెండ్:
అందరూ సెట్టింగులు చెప్తున్నారు, మంట గురించి ఎవరూ చెప్పలేదు. ఫ్లోర్ కింద పెట్రోల్ పైపు, బ్రేక్ పైపు పోతుంటాయి. కారు కిందికి దూరి చూడకుండా పైనుంచి వెల్డు పెట్టొద్దు. నేను సీట్లు తీశాను గానీ వెనక కార్పెట్ తియ్యలేదు, నిప్పురవ్వ దూరి పావుగంట తర్వాత పొగ వచ్చింది, మా తమ్ముడు తడి గోనెసంచి పట్టుకుని పక్కనే ఉన్నాడు కాబట్టి సరిపోయింది. బ్యాటరీ తీసెయ్యండి. ఎర్త్ క్లాంప్ వెల్డు పక్కనే, మెరిసేలా గీకిన రేకుకి పెట్టండి. జింకు పూత రేకు ముక్క వేస్తే ఆ పూత గీకేశాకే, ఆ తెల్ల పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది. వెల్డింగ్ హెల్మెట్ లేకుండా "ఒక్క చుక్కే కదా" అని చూశానొకసారి, తెల్లవారుజామున కళ్ళలో ఇసుక పోసినట్టయింది.

భీమిలి_800:
అందరికీ థాంక్స్. మూడు వారాల తర్వాత రాస్తున్నా. పాత ఫ్రిజ్ డోరు ముక్కలు చేసి, పెయింటు గీకి నలభై దాకా అతుకులు ప్రాక్టీస్ చేశా. ప్రతి ముక్కా వెనక్కి తిప్పి చూసేవాణ్ణి, వెనక కూడా చిన్న బొడిపె వస్తే దిగినట్టు, ముందర మాత్రమే గుండులా కూర్చుంటే చేత్తో వంచగానే ఊడొచ్చేది. తర్వాత ఫ్లోర్ కోశా. తుప్పు కనిపించినంత మేరే కోద్దామనుకున్నా, కానీ గ్రైండర్ తగిలించిన కొద్దీ అంచులు కాగితంలా చిరుగుతుంటే మంచి రేకు వచ్చేదాకా వెళ్ళాను, అరచెయ్యంత కన్నం కాస్తా అడుగున్నర అయింది. అట్టముక్కతో కొలత తీసి 20 గేజ్ సీఆర్‌సీ (కోల్డ్ రోల్డ్ ఉక్కు) షీటు కోసి పెట్టా. చుక్కలు పెట్టి కలపడానికి నాలుగు సాయంత్రాలు పట్టింది. రాత్రి కింద లైటు పెట్టి పైనుంచి చూస్తే ఏడు చోట్ల సూదిమొనంత వెలుతురు కనిపించింది, అవీ పూడ్చాను. ఇప్పుడు డోరు కింద సిల్, అంటే గడపలాంటి పెట్టె దిమ్మె, కూడా లోపలినుంచి పోయిందని తెలిసింది. అది కోస్తే బాడీ కుంగుతుందా?

గుంటూరు_షెడ్డు:
కుంగుతుంది. కొయ్యకముందే డోరు తీసి, పిల్లర్ నుంచి పిల్లర్‌కి ఇనప పైపు అడ్డంగా, ఇంకోటి ఐమూలగా టాక్ చేసి, అంటే చుక్కలతో తాత్కాలికంగా అంటించి పెట్టు. డోరు ఖాళీ పైనా కిందా కొలిచి గోడ మీద రాసుకో. సిల్ ఒక్కసారి మొత్తం తియ్యకు, సగం చేసి కొలిచి, మిగతా సగం. అయ్యాక లోపలికి గొట్టంతో మైనం స్ప్రే కొట్టించు, వెల్డు వెనక పెయింటు కాలిపోయి ఉంటుంది, అక్కడే తుప్పు మళ్ళీ మొదలవుతుంది.

భీమిలి_800:
సరే అన్నా. డోరు తీశా, కొలత పైన 1,012 ఎంఎం, మధ్యలో 1,009. రేపు పైపు తెస్తున్నా.