నది పూడ్చేశారు, ఇక మా నాన్నని ఎక్కడ కూర్చోబెట్టాలి? (మ్యాజిక్ కింగ్‌డమ్, ఓర్లాండో)

టాంపా_అనూరాధ:
మ్యాజిక్ కింగ్‌డమ్‌లో లిబర్టీ బెల్ పడవ ఆగిపోయి నెలలు గడిచినా నాకు బాధ తగ్గలేదు. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను. తెలియనివాళ్ళ కోసం: మ్యాజిక్ కింగ్‌డమ్ ఓర్లాండోలోని డిస్నీ పార్కు. అది తెరిచిన 1971 నుంచీ ఉన్న నది అది. దాని మీద చక్రం తిప్పుకుంటూ నడిచే మూడంతస్తుల పడవ, నది మధ్యలో టామ్ సాయర్ దీవి. రెండింటికీ 2025 జూలై 6 ఆఖరి రోజు. నీళ్ళు తోడేశారు. ఆ చోట 'కార్స్' కార్టూన్ సినిమా రైడ్లు రెండు వస్తాయట, ఆ వెనక డిస్నీ కథల్లోని విలన్ల కోసం ఇంకో భాగం కడతారట.

మా నాన్న బెజవాడ లోకో షెడ్డులో పనిచేసి రిటైరయ్యారు. మోకాళ్ళ నొప్పుల వల్ల ఏ రైడూ ఎక్కలేరు. ఆ పడవ కింది అంతస్తులో వెనకవైపు ఇంజను కనిపించేది, కడ్డీలు ముందుకీ వెనక్కీ ఆడుతూ. నాన్న ఆ వేడికి చెయ్యి చాపి చూసి, "ఇది ఉత్తుత్తిది కాదమ్మాయ్, నిజం ఆవిరే" అన్నారు. నిజమే, బాయిలర్ ఉన్న పడవే అది. పదిహేడు నిమిషాల తిరుగుడు. ఆ రోజు మూడుసార్లు ఎక్కారు. ఈ వేసవిలో అమ్మా నాన్నా మళ్ళీ వస్తున్నారు. పెద్దవాళ్ళకు పనికొచ్చేవి ఒక్కొక్కటే తీసేస్తున్నారని నాకే అనిపిస్తోందా?

డాలస్_రవి:
అనూరాధ గారూ, మీ నాన్నగారి సంగతి చదివితే ముచ్చటేసింది. కానీ ఆ పడవ ఎప్పుడు చూసినా ఖాళీ. పార్కు నడిమధ్యలో అంత స్థలం నీళ్ళకిచ్చి, అక్కడ జనం లేక, బయట రైడ్ల దగ్గరేమో గంటన్నర క్యూలు. స్ప్లాష్ మౌంటెన్ అనే నీళ్ళ రైడ్ 2023 జనవరిలో మూసినప్పుడూ ఇలాగే గొడవ చేశారు. 2024 జూన్ చివర్లో అదే కాలువలో టియానా రాకుమారి రైడ్ వచ్చింది, ఇప్పుడు దానికీ జనం వస్తున్నారు. నా పిల్లలకు ఏడేళ్ళు, పదకొండేళ్ళు. 'కార్స్' అంటే ప్రాణం. కొత్తవి రానివ్వండి.

కూకట్‌పల్లి_కిరణ్:
అందరికీ నమస్తే. హైదరాబాద్ నుంచి మేలో వస్తున్నాం, మొదటిసారి. నేను, మా ఆవిడ, బాబు, మా అత్తగారు. అత్తగారు బయట తినరు. పులిహోర లోపలికి తీసుకెళ్ళనిస్తారా?

విజయనగరం_విజయ:
తీసుకెళ్ళొచ్చు. గాజు సీసాలు, గాజు డబ్బాలు మాత్రం కుదరవు. అక్కడ వేడి చేయాల్సినవి, ఫ్రిజ్‌లో పెట్టాల్సినవి కూడా వద్దు.

చికాగో_శేషు:
ఇంకోటి మర్చిపోయారు. ఘాటైన వాసన వచ్చేవి కూడా వద్దని రూల్లో ఉంది. ఆవకాయ తీసుకెళ్ళకండి.

విజయనగరం_విజయ:
ఆవకాయది ఘాటైన వాసన అని మీరెలా చెప్తారు? మూత బిగించి ఉంటే ఎవరికీ తెలియదు. నేను నాలుగుసార్లు తీసుకెళ్ళాను, ఎవరూ అడగలేదు.

చికాగో_శేషు:
అడగకపోవడం వేరు, రూల్ వేరు. నా బాధ నాకు తెలుసు. మూడేళ్ళ కిందట వేరే రాష్ట్రంలో ఒక పార్కుకి వెళ్ళాం, పేరు చెప్పను. గేటు దగ్గర మా అమ్మ పెరుగన్నం డబ్బా చెత్తబుట్టలో వేయించారు. ఎనభై ఏళ్ళ మనిషి, షుగర్ ఉంది. లోపల ఆమె తినగలిగింది బంగాళదుంప వేపుడు ముక్కలే. సాయంత్రం నాలుగింటికి కళ్ళు తిరిగి బెంచీ మీద ఒరిగిపోయింది. ఇంకో పార్కుకి వెళ్ళడం అంటేనే భయం నాకు.

విజయనగరం_విజయ:
పాపం అండీ. కానీ అది వేరే పార్కు కదా. ఇక్కడ అలా కాదనే నేను చెప్తున్నది.

టాంపా_అనూరాధ:
తిండి సంగతి వచ్చింది కాబట్టి: బఫేలూ, మిక్కీ లాంటి కార్టూన్ వేషాలవాళ్ళతో కలిసి తినే భోజనాలూ బుక్ చేసేముందు పిల్లల వయసు చూసుకోండి. మూడేళ్ళ లోపు ఉచితం. తొమ్మిది నిండేదాకా పిల్లల రేటు. పదో పుట్టినరోజు అయిందంటే పెద్దల రేటే. రెండు పాన్‌కేకులు తిని చాలనే పిల్లకి కూడా అంతే. మంచి నీళ్ళు మాత్రం కొనకండి. ఆర్డర్ ఇచ్చి తెచ్చుకునే కౌంటర్లలో ఐసు నీళ్ళ గ్లాసు అడిగితే ఊరికే ఇస్తారు.

రవి గారికి: పడవ ఖాళీగా ఉండేదన్నారు. ఖాళీగా ఉండటమే దాని వల్ల లాభం. నీడ, గాలి, కూర్చోవడానికి చోటు. ఆగస్టు ఎండలో ఓర్లాండోలో నిలబడ్డవాళ్ళకు ఆ విలువ తెలుస్తుంది.

డాలస్_రవి:
అంటే ఖాళీగా ఉండేదని మీరూ ఒప్పుకున్నారు.

టాంపా_అనూరాధ:
ఖాళీ అంటే సీట్లు దొరికేవని. ఎవరూ ఎక్కరని కాదు.

డాలస్_రవి:
నేను 2019లో వెళ్ళినప్పుడు పై అంతస్తులో పదిమంది కూడా లేరు. ఒడ్డు నుంచి చూశాను.

టాంపా_అనూరాధ:
ఒడ్డు నుంచి. అంటే మీరు ఎక్కలేదు.

పాత_ప్రయాణికుడు:
నేను ఈ దేశానికి వచ్చింది ఎనభైల్లో, కాబట్టి ఒక మాట. 1971లో లోపలికి వెళ్ళడానికి పెద్దలకు మూడున్నర డాలర్లు. రైడ్లకు వేరే టికెట్ల పుస్తకం, A నుంచి E దాకా ఇంగ్లీషు అక్షరాలు. మంచి రైడ్లన్నిటికీ E టికెట్. ఆ పుస్తకాలు పోయింది 1982లో, ఎప్‌కాట్ అనే రెండో డిస్నీ పార్కు తెరిచిన ఏడాది. రైడుకింత అని కట్టడం కొత్తేమీ కాదు, మధ్యలో కొన్నాళ్ళు మానేశారంతే. 2025 క్రిస్మస్ వారంలో మ్యాజిక్ కింగ్‌డమ్‌కి ఒక్క రోజు టికెట్ 199 డాలర్లు. దానిమీద మళ్ళీ క్యూ దాటే పాస్. అప్పట్లో రెండూ కలిపి ఇంత బరువు లేదు.

న్యూజెర్సీ_లత:
క్యూ దాటే పాస్ 1999 నుంచి 2020 దాకా ఉచితమే. 2021 అక్టోబరులో మనిషికి 15 డాలర్లతో మొదలుపెట్టారు. ఇప్పుడు రోజుకో రేటు, రద్దీ రోజుల్లో 30 దాటుతుంది. అసలు బుక్ చేసుకోకుండా ఎప్పుడైనా వెళ్ళగలిగే ప్రీమియర్ పాస్ 2024లో మొదలైనప్పుడే 449 దాకా పెట్టారు. నలుగురు మనుషుల ఇంటికి లెక్కేసుకోండి.

డాలస్_రవి:
నేను ఆ పాస్ కొంటాను. మామూలుది, ప్రీమియర్ కాదు. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. మూడేళ్ళు దాచుకుని నాలుగు రోజులు వెళ్తాం. ఆ నాలుగు రోజుల్లో రెండు గంటలు క్యూలో నిలబడితే నాకు పోయేది పాస్ డబ్బు కంటే ఎక్కువ.

పెద్దవాళ్ళవన్నీ తీసేస్తున్నారన్న మాట కూడా నిజం కాదు. అక్కడి ఇంకో డిస్నీ పార్కు యానిమల్ కింగ్‌డమ్‌లో చెట్టు కింద పురుగుల షో 2025 మార్చిలో మూశారు, అదే హాల్లో నవంబరుకల్లా జూటోపియా షో పెట్టారు. ఏసీలో కూర్చుని చూసేదే. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో రాత్రి పరేడ్ 2016లో పోయింది, దాదాపు తొమ్మిదేళ్ళ తర్వాత 2025 జూలై 20న 'స్టార్‌లైట్' పేరుతో మళ్ళీ వచ్చింది. దానికి పరుగులు అక్కర్లేదు, ఎవరైనా చూడొచ్చు.

టాంపా_అనూరాధ:
పరేడ్ అద్భుతంగా ఉంది, కాదనను. మొదటిసారి చూసినప్పుడు నా కళ్ళు చెమర్చాయి. కానీ ముందు వరస కావాలంటే గంట ముందే కాలిబాట అంచు మీద చతికిలబడాలి. మోకాళ్ళ నొప్పులవాళ్ళు కింద కూర్చుంటే లేవడానికి ఇద్దరు కావాలి. ఇంకో డిస్నీ పార్కు హాలీవుడ్ స్టూడియోస్‌లో మపెట్ బొమ్మల 3డీ థియేటర్ కూడా 2025 జూన్‌లో పోయింది. అక్కడికి 'మాన్‌స్టర్స్, ఇంక్' సినిమాలోలా తలుపులకు వేలాడుతూ పోయే రోలర్ కోస్టర్ వస్తోంది. ఒక హాలు ఉంచారు, ఒక హాలు తీసేశారు, నది తీసేశారు. మీరు మొదటిదే లెక్కేస్తున్నారు.

డాలస్_రవి:
సరే, మనసులో మాట చెప్పేస్తాను. మీరు టాంపాలో ఉంటారు, గంటన్నర ప్రయాణం. ఏడాది పాస్ ఉంటుంది. ఆదివారం సాయంత్రం వచ్చి, పడవ ఎక్కి, ఐస్‌క్రీం తిని ఇంటికెళ్ళిపోతారు. మీకు అది ఊరి పార్కు. మాకు జీవితంలో రెండుసార్లు దొరికే యాత్ర. పిల్లలకు పదిహేనేళ్ళు వస్తే ఇక మాతో రారు. మీ షికారు కోసం మా పిల్లల రైడ్లు ఆగాలా?

టాంపా_అనూరాధ:
షికారు అంటారా? మా అమ్మా నాన్నా వీసా మీద ఆరునెలలు వచ్చి, మేమిద్దరం ఆఫీసులకెళ్తే నాలుగు గోడల మధ్య కూర్చుంటారు. వాళ్ళకు కారు లేదు, ఇంగ్లీషు అంతంత మాత్రం. వాళ్ళని నవ్వించిన చోటు ఈ రాష్ట్రంలో అదొక్కటే. డెబ్భై ఆరేళ్ళ మనిషికి ఇంకెన్ని యాత్రలుంటాయనుకుంటున్నారు? మీ పిల్లలకు పదిహేను వచ్చేలోపు 'కార్స్' రైడ్ తయారవుతుంది. మా నాన్నకు పడవ మళ్ళీ రాదు.

మీరు పదేపదే ఖాళీ, ఖాళీ అంటున్నారు. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరూ రాలేదా 2019లో? వస్తే రోజంతా ఎక్కడ కూర్చున్నారు?

మోడరేటర్:
ఇద్దరూ కాస్త నెమ్మదించండి. ఇంటి విషయాల్లోకి వెళ్ళకండి.

డాలస్_రవి:
పర్లేదు, చెప్తాను. మా అమ్మ వచ్చింది. "మీరు వెళ్ళిరండి నాయనా, నేను బ్యాగులు చూసుకుంటాను" అని తనే అంది. మేమేం బలవంతపెట్టలేదు. సంతోషంగానే కూర్చుంది.

టాంపా_అనూరాధ:
ఆ మాట మా అమ్మ కూడా అంటుంది. ఎప్పుడూ అదే అంటుంది.

న్యూజెర్సీ_లత:
మా అత్తగారూ అంతే.

కూకట్‌పల్లి_కిరణ్:
ఇదంతా చదివాక నాకు టెన్షన్ మొదలైంది. మా అత్తగారికి 68. నడుస్తారు కానీ ఎక్కువసేపు కాదు, ఎత్తు నుంచి కిందికి పడేవంటే భయం. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో ఆమె కోసం ఏం ప్లాన్ చేయాలో ఎవరైనా చెప్పండి. మా ఆవిడ ఆమెకి కొత్త చెప్పులు కూడా కొనేసింది.

విజయనగరం_విజయ:
కొత్త చెప్పులు వద్దు! ఇప్పటినుంచే రోజూ అవి వేసుకుని నడవమనండి, లేకపోతే మొదటిరోజే బొబ్బలు.

డాలస్_రవి:
కిరణ్ గారూ, ఎలుగుబంట్ల పాటల షో ఉంది, 2024 జూలైలో కొత్త పాటలతో మళ్ళీ తెరిచారు. ఏసీ హాలు. ఫిల్హర్‌మ్యాజిక్ 3డీ సినిమా, అదీ ఏసీనే. కోట మీద రాత్రి బాణసంచా తప్పకుండా చూపించండి.

నిన్న రాత్రి అమ్మకి ఫోన్ చేశాను. ఈ చర్చ సంగతి చెప్పలేదు. ఆ రోజు బెంచీ దగ్గర ఏం చేశావమ్మా అని ఊరికే అడిగాను. ఎదురుగా తెల్ల పడవ నాలుగుసార్లు వెళ్ళిందట, ఐదోసారి హారన్ వినిపించింది కానీ కనిపించలేదట, అప్పటికి మేం వచ్చి లేవదీశామట. ఎక్కి ఉండొచ్చు కదా అన్నాను. "ఎక్కొచ్చని నాకెవరు చెప్పారురా" అంది.

పడవ ఖాళీగా ఉండేదన్న మాట మాత్రం మార్చుకోను. 'కార్స్' రావాల్సిందే అన్న మాట కూడా.

టాంపా_అనూరాధ:
రవి గారూ, మార్చుకోవద్దు. నేనూ మార్చుకోను.

కిరణ్ గారూ, పీపుల్‌మూవర్ కూడా రాసుకోండి, టుమారోల్యాండ్‌లో. పైన పట్టాల మీద నెమ్మదిగా తిప్పుతుంది, పది నిమిషాలు, నీడ, గాలి, ఎక్కడా పడదు. ఒక్కటే జాగ్రత్త: పైకి తీసుకెళ్ళేది కదిలే పట్టా, పైన ఎక్కే చోట కూడా నేల తిరుగుతూనే ఉంటుంది. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ మీరు ముందుండి ఆమె చెయ్యి పట్టుకోండి. బ్యాగులు మీ ఆవిడకివ్వండి.