ఒకే జింక్ బాత్‌లో ముంచిన ఇనుప యాంగ్లర్లు కొన్ని మెరుస్తూ, కొన్ని సిమెంటు రంగులో వచ్చాయి. ఎవరికైనా ఇలా అయిందా?

జీడిమెట్ల_ఫ్యాబ్:
సోలార్ స్ట్రక్చర్ ఆర్డరు. 8 ఎంఎం యాంగ్లర్లన్నీ ఒకేసారి హాట్ డిప్‌కి (కరిగిన జింక్‌లో ముంచే గాల్వనైజింగ్‌కి) ఇచ్చాను. సగం తళతళలాడుతున్నాయి, సగం మసక బూడిద రంగులో, చేత్తో రాస్తే గరుకుగా ఉన్నాయి. పూత మందం చూసే మీటరు పెడితే మెరిసేవి 90 మైక్రాన్ల దగ్గర, బూడిదవి 200 పైన. కస్టమరు రిజెక్ట్ అంటున్నాడు. డిప్పింగ్ వాళ్లేమో ‘మీ ఐరన్‌లోనే ఉంది’ అంటున్నారు. ముంచాక తూకానికే రేటు కాబట్టి ఎక్కువ ఎక్కిన జింక్ డబ్బులూ నా నెత్తినే!

పటాన్‌చెరు_కెటిల్:
అన్నా, వాళ్లు చెప్పింది కరెక్టే. టీసీ (మిల్లు ఇచ్చే టెస్ట్ సర్టిఫికెట్) తీసి ఉక్కుల సిలికాన్ ఎంతుందో చూడు. 0.03 శాతం లోపు ఉంటే మంచిగ వస్తది. 0.04 నుంచి 0.14 మధ్యల పడ్డదా, ఇగ దాన్ని ఆపుడు కష్టం. 0.15 నుంచి 0.25 దాకా జర దారిల ఉంటది. మందమే వస్తది గని మరీ గంత కాదు. ఆ పైన సిలికాన్ ఎంత పెరిగితే కోటింగ్ అంత పెరుగుతది. మేం మాల్ దిగంగనే టీసీ అడుగుతం, ఇచ్చేటోళ్లు తక్కువ.

రిటైర్డ్_మెటలర్జీ:
పైన చెప్పిన 0.04–0.14 సిలికాన్ దగ్గర కోటింగ్ మందం గ్రాఫులో గుట్టలా లేస్తుంది, దాన్నే శాండెలిన్ ఎఫెక్ట్ అంటారు. 1940 ప్రాంతంలో శాండెలిన్ అనే ఆయన బయటపెట్టాడు. జరిగేదేమిటంటే, 450 డిగ్రీల జింక్‌లో ఇనుము మీద వరుసగా గామా, డెల్టా, జీటా అనే మిశ్రమ పొరలు పుడతాయి, పైన మామూలు జింక్ నిలుస్తుంది. సిలికాన్ లేని ఉక్కులో జీటా స్ఫటికాలు ఒత్తుగా పేరుకుని కరిగిన జింక్‌ను లోపలికి రానివ్వవు. అందుకే మొదట్లో గబగబా పెరిగిన పొర తర్వాత నెమ్మదిస్తుంది. ఈ రేంజిలో మాత్రం అవి సన్నగా, విడివిడిగా పుడతాయి. సందుల్లోంచి జింక్ లోపలికి దిగుతూనే ఉంటుంది, పొర ఆగకుండా పెరుగుతుంది. మిశ్రమం పైదాకా వచ్చేస్తే మెరిసే జింక్ మిగలదు, అదే మీ బూడిద రంగు.
ఫాస్ఫరస్‌నూ వదలకండి. ఫాస్ఫరస్ శాతాన్ని రెండున్నరతో గుణించి సిలికాన్ శాతానికి కలిపితే 0.09 దాటకూడదు.

జీడిమెట్ల_ఫ్యాబ్:
థాంక్స్ సార్. కానీ మాల్ ఐఎస్ 2062 (స్ట్రక్చరల్ ఉక్కు స్టాండర్డ్) దే కదా, మరి ఇదెలా?

రిటైర్డ్_మెటలర్జీ:
బాబూ, ఆ స్టాండర్డ్‌లో సిలికాన్ 0.40 దాటకూడదనే ఉంటుంది. పైగా ఉక్కును సిలికాన్ ఒక్కదానితోనే కిల్ చేస్తే, అంటే కరిగిన ఉక్కులోని ఆక్సిజన్‌ను తీసేస్తే, కనీసం 0.10 ఉండాలంటుంది. అంటే సరిగ్గా గుట్ట మీదే కూర్చోవచ్చు, స్టాండర్డ్ ప్రకారం పాసే. గాల్వనైజింగ్‌కి వాడతానని ఆర్డరులో మీరు రాయకపోతే మిల్లుకేం పట్టింది?

నాచారం_క్యూసీ:
రిజెక్ట్ సంగతి. హాట్ డిప్ కోటింగ్ స్టాండర్డ్ ఐఎస్ఓ 1461 ప్రకారం 6 ఎంఎం దాటిన మాల్‌కు సగటున 85 మైక్రాన్లు చాలు, మీ బూడిద వాటికి రెట్టింపు పైనే ఉంది. ముదురు, లేత బూడిద మచ్చల కోసం మాల్ తిప్పి పంపకూడదనీ అందులోనే ఉంది. కోటింగ్ ఎన్నేళ్లు నిలుస్తుందనేది మందాన్ని బట్టే, మెరుపును బట్టి కాదు. మీరు చూడాల్సింది అంచులు, బోల్టు రంధ్రాలు. మరీ మందమైన పొర పెళుసు, దించేటప్పుడు దబ్బున పడేస్తే పెచ్చులు లేస్తాయి. ఇంకోటి, వానలు పడ్డాక పైన గోధుమరంగు మరక రావచ్చు. మిశ్రమంలోని ఇనుము రంగు అది, లోపల తుప్పు పట్టినట్టు కాదు. కస్టమరుకు ఇప్పుడే చెప్పి పెట్టండి, లేకపోతే ఏడాది తర్వాత ఫోన్ మీద ఫోన్ వస్తుంది.

బాలానగర్_బోల్ట్:
జింక్ బాత్‌లో నికెల్ కలిపే ప్లాంటుకి ఇవ్వొచ్చు కదా?

పటాన్‌చెరు_కెటిల్:
0.05 శాతం చుట్టుపక్కల నికెల్ ఉంటే ఈ గుట్ట మస్తు తగ్గుతది, నిజమే. సిలికాన్ 0.2 దాటిన మాల్‌కి మాత్రం పనిచెయ్యదు. మా దగ్గరైతే తొందరగ ముంచి, తొందరగ లేపి, నీళ్లల్ల చల్లార్చుడే. వేడి మీద కుప్పేసి వదిలితే బయటికొచ్చినంక గూడ పొర పెరుగుతనే ఉంటది. నడిమిట్ల ఉన్న పీసులు చూడు, అవే ఎక్కువ నల్లగైతయి.

జీడిమెట్ల_ఫ్యాబ్:
అప్‌డేట్: రాణీగంజ్ షాపతన్ని పట్టుకుని టీసీలు తెప్పించాను. రెండు హీట్ నంబర్ల (వేర్వేరుగా కరిగించిన బ్యాచ్‌ల) మాల్ కలిసిపోయింది. ఒకటి సిలికాన్ 0.02, ఇంకోటి 0.08! ఇకనుంచి ముక్క కోసి టెస్ట్ చేయిద్దామనుకుంటున్నా. లోహంలో ఏముందో చూపే చేతి గన్‌తో చూపిస్తే సరిపోతుందా?

నాచారం_క్యూసీ:
వద్దు. ఇంత తక్కువ సిలికాన్‌కు ఆ ఎక్స్‌ఆర్‌ఎఫ్ (ఎక్స్‌రేతో చూసే) గన్‌ను నమ్మలేం. స్పార్క్ స్పెక్ట్రో (నిప్పురవ్వ వెలుగును బట్టి మూలకాలు లెక్కగట్టే టెస్ట్) చేసే ల్యాబుకి ఇవ్వండి, హీట్‌కో ముక్క.

బాలానగర్_బోల్ట్:
వెల్డింగ్ తీగ కూడా చూసుకో భాయ్. మామూలు మిగ్ తీగ ఈఆర్70ఎస్-6 లో సిలికాన్ 0.80 నుంచి 1.15 దాకా ఉంటుంది. కుట్టు గ్రైండ్ చేసి సాపు చేసినా, ముంచాక అక్కడే ఉబ్బి గీతలా కనిపిస్తుంది. మా రెయిలింగులకు తక్కువ సిలికాన్ తీగ వాడుతున్నాం, రేటు కొంచెం ఎక్కువే.