చెరువులో రెండు రాతి స్తంభాలు, కింద కర్ర మొద్దు: తీసేయొచ్చా?

ప్రశ్న (నర్సంపేట వైపు)
మా చెరువులో కట్టకు లోపలివైపు రెండు రాతి స్తంభాలు, వాటి నడుమ రంధ్రాలున్న అడ్డబండలు ఉన్నాయి. దీపస్తంభమని కొందరంటారు. నీళ్లు తగ్గితే కింద తొట్టిలో కర్ర మొద్దు కనిపించింది. పారకం ఇప్పుడు పక్కనున్న గేరు తూముతోనే. పూడికతీతలో జేసీబీతో లేపేద్దామంటున్నారు. కాకతీయులదేనా?

జవాబు 1
దీపం కాదు తమ్మీ, తూము. అడ్డబండల రంధ్రాల్లోంచి నిలువు కర్ర దిగుతుంది, దాని చివర బిరడా. నీరటి (చెరువు నీళ్లు వదిలే మనిషి) దాన్ని పైకి లాగితే తొట్టి అడుగు రంధ్రంలోంచి నీళ్లు కట్ట కింది రాతి కాలువలో పడతాయి. ఈ అడుగు రంధ్రం చిన్నగా ఎందుకంటే, 6 అంగుళాల రంధ్రం మీద 10 అడుగుల నీళ్లుంటే బిరడాను నొక్కే బరువే దాదాపు 55 కిలోలు. 12 అంగుళాలైతే 220 దాటుతుంది, ఒక్కడు లేపలేడు.

కర్ర నీళ్లకు ఉబ్బి బిగుస్తుంది. చెరువు ఎండితే బిరడా పగులుతుంది, కొత్త నీళ్లు కారిపోతాయి. అందుకే గుడ్డ చుట్టి బంకమట్టి మెత్తుతారు. ముందు కుళ్లేది మాత్రం నిలువు కర్రే, అదీ నీటిమట్టం ఎక్కీ దిగే చోట. తడీ గాలీ రెండూ తగిలేది అక్కడే. అది విరిగాక బిరడా అడుగునే మిగులుతుంది. మీరు చూసిన మొద్దు అదే అయ్యుంటుంది.

జవాబు 2
మీ వైపున్న పాఖాల చెరువు కాకతీయ గణపతిదేవుడి కాలంలో, 1213 ప్రాంతంలో కట్టింది. అలాగని చుట్టుపక్కల ప్రతి తూమునూ ఆయన ఖాతాలో వేయలేం. ఈ పద్ధతి తర్వాత కూడా చాలాకాలం నడిచింది. కట్ట మీదా గుడి దగ్గరా శాసనముందేమో చూడండి. అక్షరాలు కనిపిస్తే సున్నం రుద్దకండి, పొద్దున ఏటవాలు ఎండలో ఫోటో తీసి వారసత్వ శాఖకు పంపండి.

ప్రశ్న అడిగినవారు
సరే అన్నా. మరి కట్ట కింది కాలువ బయటి మూతి సిమెంటుతో మూసేస్తే చాలదా?

జవాబు 1
అదే అసలు ప్రమాదం. బయట మూస్తే కాలువ నిండా ఒత్తిడితో నీళ్లు నిలుస్తాయి. రాళ్ల సందుల్లోంచి కట్ట మట్టిలోకి దూరి, మెల్లగా మట్టిని కొట్టుకుపోతాయి. గండి పడేదాకా పైకి ఏమీ కనిపించదు. మూయాలంటే ముందు చెరువు వైపు, బంకమట్టి పొరలు పొరలుగా దట్టించి మూయాలి. అది ఇరిగేషన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) చూసుకోవాల్సిన పని. జేసీబీని స్తంభాల దగ్గరికి రానీయకండి, తొట్టి చుట్టూ పారతోనే తీయించండి. కాలువలోకి మనిషిని దింపొద్దు.

జవాబు 3
బిరడా బయటికొస్తే ఎండలో పెట్టకండి, నిలువునా చీలిపోతుంది. తడి గోనెసంచి చుట్టి నీడలో ఉంచండి, ఆరనీయకుండా తడుపుతుండండి. మ్యూజియంలలో ఇలాంటి కర్రకు పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే మైనం లాంటి పదార్థం పట్టించి ఆరబెడతారు. వార్నిష్ మాత్రం వద్దు.