వెబ్‌సైటు పూర్తయినా డబ్బు చేతికి రావడం లేదు

ప్రశ్న: విజయవాడలో నేనూ నా మిత్రుడూ రెండేళ్లుగా చిన్న వ్యాపారాలకు వెబ్‌సైట్లు తయారుచేసి ఇస్తున్నాము. పనికి కొదవ లేదు గానీ, సగం అడ్వాన్సు ఇచ్చినవారు మిగతా సగానికి నెలల తరబడి తిప్పుతున్నారు. మొన్న ఒక బట్టల దుకాణం యజమాని, చీరల ఫొటోలు తామే ఆలస్యంగా ఇచ్చి, సైటు ఆలస్యమైందని బిల్లులో కోత పెట్టారు. మీరంతా ఎలా నెట్టుకొస్తున్నారు?

సమాధానం 1: సగం సగం పద్ధతే చిక్కండీ. మేము ముందు 40 శాతం, నమూనా ఒప్పుకున్నాక 40, సైటును మా సర్వరు నుంచి వారి డొమైనుకు, అంటే వారి సైటు చిరునామాకు, మార్చే ముందు మిగిలిన 20 తీసుకుంటాము. ఫొటోలు, వివరాలు అందిన రోజునుంచే గడువు లెక్క మొదలవుతుందని ఒప్పందంలో రాసుకోండి. డొమైను మాత్రం వారి పేరనే కొనండి. దాన్ని పట్టుకుని కూర్చుంటే ఊళ్లో మీకే చెడ్డపేరు.

సమాధానం 2: చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ నమోదు చేయించుకున్నారా? దానికి రుసుము లేదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల (ఎంఎస్ఎంఈ) చట్టం ప్రకారం, సూక్ష్మ, చిన్న సంస్థలకు రావలసిన సొమ్మును, రాతపూర్వక ఒప్పందం ఉన్నా, 45 రోజులకు మించి ఆపకూడదు. ఒప్పందం లేకపోతే గడువు 15 రోజులే. అది దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున చక్రవడ్డీ చెల్లించాలి. ఫిర్యాదు దాకా వెళ్తే ఆ పని ఇచ్చినవారు మళ్లీ మన గుమ్మం తొక్కరు కనుక, నేను ఈ నిబంధనను బిల్లు అడుగున ముద్రించి ఊరుకుంటాను. చాలామందికి అదే సరిపోతోంది.

సమాధానం 3: ఏటా నిర్వహణ రుసుము మాట్లాడుకోండి. మా ఇంటి అద్దె దానిమీదే గడుస్తోంది.