నవల ముందా, పాట ముందా, సినిమా ముందా?

(ఇదొక చర్చ. ప్రతి మాట పైనా ఉన్నది అది రాసినవాళ్ళ మారుపేరు.)

అటక మీది పుస్తకం:
నవల చదివి, సినిమా చూసి, పాటలు విడిగా కూడా విన్నవాటి గురించే ఇక్కడ మాట్లాడుకుందాం. "నవలే గొప్పండీ" అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్ళు ఎక్కడ, ఎందుకు అన్నది కూడా కాస్త చెప్పాలి.

నా వాదన ముందే పెట్టేస్తున్నా. మన సినిమాల్లో నవలని మోసేది స్క్రీన్‌ప్లే కాదు, పాట. ప్రేమనగర్ తీసుకోండి. కోడూరి కౌసల్యాదేవి నవల, 1971లో కె.ఎస్. ప్రకాశరావు సినిమా. మాటలూ పాటలూ రెండూ ఆత్రేయవే. అయినా హీరో కళ్యాణ్ మనసులో ఏముందో మాటల్లో కంటే పాటల్లోనే తెలుస్తుంది. "నేను పుట్టాను" పాటలో ఎవర్నీ లెక్కచేయని పొగరు, "మనసు గతి ఇంతే"లో కుదేలైపోయిన మనిషి. రెండూ ఘంటసాల గొంతే. ఒకదాని వెనక ఒకటి పెట్టుకుని వినండి, నవల చదివి ఏళ్ళయినా కథంతా కళ్ళ ముందుకొస్తుంది.

రెండో చరణం:
నేనూ మీ పార్టీయే. దేవదాసు (1953) దానికి ఇంకా పెద్ద సాక్ష్యం. శరత్ నవల్లో దేవదాసు మీద రచయితకి అంత మురిపెం ఏమీ ఉండదు. అతని పిరికితనాన్ని, చేతకానితనాన్ని దాచకుండా చెబుతూ పోతాడు, చివర్లో మాత్రం ఇలాంటి అభాగ్యుడి కోసం కాస్త ప్రార్థించండి అని పాఠకుల్ని అడుగుతాడు. మన సినిమాలో సముద్రాల అతని చేతికి "కుడి ఎడమైతే", "జగమే మాయ" ఇచ్చారు. దాంతో తాగుబోతు కాస్తా తత్త్వవేత్త అయిపోయాడు! నవల చదివి జాలిపడతాం, పాట విని అతని పక్షాన చేరిపోతాం. సంగీతం ఇచ్చిన సి.ఆర్. సుబ్బరామన్ సినిమా విడుదలకి ముందే, 1952లో పోయారు. ఆ పాటలు జనంలోకి ఎంత దూరం వెళ్ళాయో ఆయన చూడనేలేదు.

నేల క్లాసు:
మీరిద్దరూ పాత సినిమాలు చెప్పి గెలుద్దామని చూస్తున్నారు. 80ల్లోకి రండి. అభిలాష (1983). యండమూరి నవల, ఉరిశిక్ష ఉండకూడదని నమ్మే లాయరు, తన మీద తనే హత్యానేరం వేయించుకునే కథ. నవల పట్టుకుంటే అన్నం మీదకి కూడా లేవబుద్ధి కాదు. సినిమాలో ఆ ఊపు మీద ఉండగా "సందెపొద్దుల కాడ" వస్తుంది. ఇళయరాజా, వేటూరి, బాలు, జానకి... ఒక్కరికీ వంక పెట్టలేం. కానీ ఆ పాటకీ, హత్యకి ఉరి వేసే అప్పటి 302 సెక్షన్‌కీ ఏం సంబంధం గురూ? క్యాసెట్‌గా నూటికి నూరు వేస్తా. సినిమాలో మాత్రం సస్పెన్స్ తెగేది అక్కడే.

ఛాలెంజ్ (1984) కూడా అంతే. ఐదేళ్ళలో యాభై లక్షలు సంపాదిస్తానన్న పందెం కథ. "ఇందువదన" వస్తున్నంతసేపూ హీరోగారు ఆ రూపాయిల సంగతి మర్చిపోతారు, మనమూ మర్చిపోతాం 😀

అటక మీది పుస్తకం:
ఒప్పుకుంటా, థ్రిల్లర్‌కి నా సూత్రం పనిచేయదు. థ్రిల్లర్‌లో పాత్ర లోపల ఏముందన్నది రెండో విషయం, తరవాత ఏం జరుగుతుందన్నదే మొదటిది. పాట వస్తే కథ ఆగుతుంది. యద్దనపూడి నవలలైతే అసలు ఆగడమే కావాలి మనకి. మీనా (1973)లో "శ్రీరామ నామాలు శతకోటి" పాటకి కథ ఒక్క అంగుళం కూడా ముందుకి పోదు. ఎవరికైనా విసుగొచ్చిందా?

మూడో రీలు:
పాటల గొడవ పక్కన పెట్టి ఒక మాట. నవల చదివినవాళ్ళని సినిమా అసలు ఎక్కడ బాధపెడుతుంది? కథ మార్చినప్పుడు కాదు, ముఖం చూపించినప్పుడు. యద్దనపూడి సెక్రటరీ నవల చదివిన ప్రతివాళ్ళ దగ్గరా ఆ హీరో, ఒక రాజశేఖరం ఉంటాడు. 1976లో తెర మీద అక్కినేని కనిపించగానే మన దగ్గరున్నవాడు లేచి వెళ్ళిపోవాల్సిందే. నటన బాగుందా లేదా అన్నది తరవాతి సంగతి.

దీన్ని సరిగ్గా పట్టుకున్నది కన్నడవాళ్ళు. యండమూరి "వెన్నెల్లో ఆడపిల్ల"లో చెస్ ఆటగాడు రేవంత్, ఫోన్లో ఒక అమ్మాయి గొంతు, దమ్ముంటే నేనెవరో కనుక్కో అన్న పందెం. 1995లో సునీల్ కుమార్ దేశాయి "బెళదింగళ బాలె" తీశాడు, అనంత్ నాగ్ హీరో. సినిమా మొత్తం మీద ఆ అమ్మాయి ముఖం చూపించడు! గొంతు వినిపిస్తుంది, అంతే. నవల చదివినవాళ్ళు ఊహించుకున్న అమ్మాయి వాళ్ళ దగ్గరే ఉండిపోతుంది. ఆ ఒక్క నిర్ణయం కోసం నేను అతనికి వీరాభిమానిని. మన దగ్గర తీసుంటే ఆఖరి రీల్లో స్లోమోషన్లో జడ తిప్పించి, ఒక డ్యూయెట్ కూడా కలిపేవాళ్ళు.

రెండో చరణం:
జడ తిప్పడం 😂 నిజమే.

కానీ ముఖాలు చూపించి కూడా నెగ్గినది ఒకటుంది, మిథునం. శ్రీరమణ కథ ఒక్కసారి కూర్చుంటే అయిపోతుంది. బాపు ఆ కథనంతా తన చేతిరాతతో రాసుకున్నారంటే ఎంత నచ్చి ఉంటుందో చూడండి. 2012లో తనికెళ్ళ భరణి తెర మీద ఇద్దరే ఇద్దర్ని ఉంచాడు, బాలు, లక్ష్మి. మూడో మనిషి లేడు. కథలో మనకి ఆ మొగుడు అప్పదాసు సంగతులు ఒకరు చెబుతుంటే వింటాం, సినిమాలో మనమే ఆ పెరట్లో నిలబడి చూస్తాం. కాఫీ మీద జొన్నవిత్తుల రాసిన దండకం మాత్రం నాకు కొంచెం ఎక్కువైంది. కథలో తిండి గురించి ఎంత ఉన్నా ఆ మొగుడూపెళ్ళాల పోట్లాటలో భాగంగా వస్తుంది, దండకంలో తిండి ఒక్కటే మిగిలింది.

నేల క్లాసు:
కాఫీ దండకాన్ని ఒక్క మాటన్నా ఊరుకోను. మిగతాది ఓకే. అన్నట్టు మిథునం మలయాళంలో 2000లోనే ఎం.టి. వాసుదేవన్ నాయర్ తీసేశారు, "ఒరు చెరు పుంచిరి". మన కథ మన తెర మీదకి రావడానికి ఇంకో పన్నెండేళ్ళు పట్టింది. దీని మీద వేరే చర్చ పెట్టాలి అసలు.

సగం చదివినవాడు:
పెద్దలందరికీ నమస్కారం. డాక్టర్ చక్రవర్తి పాటలు మాత్రమే విన్నాను. సినిమా చూడలేదు, నవల చదవలేదు. ఏది ముందు?

అటక మీది పుస్తకం:
అదృష్టవంతులండీ మీరు. నవల ముందు చదవండి. పేరు వేరు, "చక్రభ్రమణం". అదీ కోడూరి కౌసల్యాదేవిదే. "మనసున మనసై" శ్రీశ్రీ రాసిందని తెలుసుగా? నవల చదువుతుంటే ఆ పాట ఎక్కడ పెట్టొచ్చో మీరే అనుకుంటూ వెళ్ళండి. తరవాత 1964 సినిమా చూసి, దర్శకుడు ఆదుర్తి ఎక్కడ పెట్టాడో ఇక్కడికొచ్చి చెప్పండి.

మూడో రీలు:
చూసే ముందు పోస్టర్ కూడా చూడకండి.

నేల క్లాసు:
పాటలు విన్నాడు కదా మాస్టారూ, క్యాసెట్ అట్ట మీద బొమ్మ ఎప్పుడో చూసేసి ఉంటాడు.